అద్దె పోర్షన్లకు సామాను: సుత్తి లెక్క, స్క్రూడ్రైవరు లెక్క

నెల్లూరులో సిమెంటు, ఇనుము అమ్మే ఒక కొట్లో నేను చాలా ఏళ్ళు పద్దులు రాశాను. తర్వాత ముత్తుకూరు రోడ్డు పక్కన మాకున్న స్థలంలో వరసగా నాలుగు పోర్షన్లు వేయించి అద్దెకిచ్చాం. కృష్ణపట్నం పోర్టులో పనిచేసేవాళ్ళు, పంతపాళెం నూనె ఫ్యాక్టరీల్లో షిఫ్టులకు పోయేవాళ్ళు, నేలటూరు థర్మల్లో కాంట్రాక్టు పనులు చేసేవాళ్ళు పెళ్ళాంబిడ్డలతో ఉంటారు. సామాను అమ్మేవాళ్ళ మాటా తెలుసు, దాని మధ్య కాపరం చేసేవాళ్ళ మాటా తెలుసు. అందుకే మా వైపు ఎవరు పోర్షన్లు మొదలుపెట్టినా "అక్కా, తక్కువలో అయిపోవాల, ఏ ఇటుక కొనమంటావు?" అని వస్తారు. ఇటుక సంగతి తర్వాత చూద్దాం, ముందు మీ బోరు నీళ్ళు ఒక సీసాలో పట్టుకురాండి అంటాను.

సొంతిల్లయితే కుళాయి కారినా, గోడ చెమ్మ పట్టినా ఆ పూటే కంటబడుతుంది. అద్దె ఇంటి సంగతి అట్టా కాదు. వాళ్ళు చెప్పాలి, మనం పోయి చూడాలి, మేస్త్రి దొరకాలి. సగం మంది చెప్పకుండానే వేరే ఇల్లు చూసుకుని పోతారు. ఆ ఖాళీ నెలల అద్దె కూడా సామాను ఖరీదులో కలిపి చూసుకోవాల్సిందే. అందుకని నేను పాటించే లెక్క ఒకటుంది. పాడైతే సుత్తి తీసుకుని పగలగొట్టి బాగుచేయాల్సిన వస్తువు మీద పిసినారితనం చేయొద్దు. స్క్రూడ్రైవరుతోనో బ్రష్షుతోనో మార్చుకోగలిగినది ఎంత చవకదైనా ఫర్వాలేదు. నీళ్ళు, ఇసుక, ఇనుము, స్లాబు, గోడలోని వైరు, బాత్‌రూము నేల కింది పైపు మొదటి రకం. తలుపు రెక్క, కుళాయి, స్విచ్చు, రంగు రెండో రకం. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. వీధి వైపు గోడకు నగిషీ టైల్సు అతికించి, స్లాబుకు ఉప్పు నీళ్ళు పోస్తారు.

నీళ్ళు, ఇసుక

మనది సముద్రం పక్క నేల, పైగా చుట్టూ రొయ్యల గుంటలు. చాలా బోర్లలో నీళ్ళు ఉప్పగా ఉంటాయి. ఇనుము వేసే కాంక్రీటుకు వాడే నీళ్ళలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని కాంక్రీటుకు మన దేశం పెట్టుకున్న ఐఎస్ 456 ప్రమాణం చెబుతుంది. ఇనుము లేని కాంక్రీటుకైతే 2,000 దాకా ఒప్పుకుంటుంది. నీళ్ళ పరీక్ష చేసే ల్యాబులో సీసా ఇస్తే క్లోరైడు ఎంతుందో కాగితం మీద రాసిస్తారు. దానికయ్యేది ఒక బస్తా సిమెంటుతో పోల్చి బాధపడాల్సిన ఖర్చు కాదు. మేస్త్రి మాత్రం "ఏంది మేడమ్, మా నాయన కాలం నుంచి ఈ బోరు నీళ్ళతోనే కడతన్నాం" అంటాడు. వాళ్ళ నాయన కాలంలో కట్టింది సున్నంతో, రాతితో. ఉప్పు రాతిని అంత తొందరగా ఏమీ చేయదు. స్లాబులోని రాడ్డుకైతే తుప్పు పట్టిస్తుంది, తుప్పు పట్టిన రాడ్డు ఉబ్బుతుంది, ఉబ్బితే కింద పెచ్చులు ఊడతాయి. పోర్టు దారిలో పోతూ తలెత్తి సన్‌షేడ్ల అడుగు భాగాలు చూడండి, ఎన్నింట్లో రాడ్లు బయటపడి ఉన్నాయో.

మంచి నీళ్ళ ట్యాంకరంటే జనం భయపడతారు కానీ లెక్క వేస్తే అది చాలా చిన్న ఖర్చు. నాలుగున్నర అంగుళాల స్లాబు 100 చదరపు అడుగులకు 8 నుంచి 9 బస్తాల సిమెంటు పడుతుంది. బస్తాకు కలిపే నీళ్ళు 25 నుంచి 27 లీటర్లు. అంటే 600 అడుగుల స్లాబుకు 50 బస్తాలు వేసుకున్నా 1,350 లీటర్లు చాలు. మర్నాడు మడులు కట్టి అంగుళం మందాన నీళ్ళు నిలపడానికి ఇంకో 1,400 లీటర్లు. అయిదు వేల లీటర్ల ట్యాంకరు ఒకటి తెప్పిస్తే స్లాబు పోయడం, మొదటి తడుపు రెండూ అయ్యి ఇంకా మిగులుతాయి. పిల్లర్లు, బీములు, స్లాబు, వాటి తడుపు, ఇవన్నీ మంచి నీళ్ళతోనే. నీళ్ళు మరీ ఉప్పగా ఉంటే గోడకు కూడా వాడొద్దు, గోడ చౌడెక్కి ఎన్నిసార్లు రంగు వేసినా పొడి రాలుతూనే ఉంటుంది.

ఇసుక మనకు పెన్నా పెట్టిన భిక్ష. 2024 జూలై 8 నుంచి రాష్ట్రంలో ఉచిత ఇసుక విధానం నడుస్తోంది. ఉచితమన్నా ఎత్తుడు కూలి, రవాణా మనమే పెట్టుకోవాలి కాబట్టి ఇసుక ఖరీదంటే నిజానికి లారీ బాడుగే. ఇక్కడే కొందరు ఆశపడి తీరం వైపు దిబ్బల ఇసుక తోలించుకుంటారు. దగ్గర, చవక, చూడ్డానికి తెల్లగా ముచ్చటగా ఉంటుంది. అది ఇంటి ఆవరణలోకి రానీయొద్దు. అందులో ఉప్పు ఉంటుంది, పైగా రేణువు మరీ సన్నగా ఒకే సైజులో ఉండి సిమెంటును ఎక్కువ తాగుతుంది.

నది ఇసుకకైనా బురద పరీక్ష చేయండి. గీతలున్న గాజు గ్లాసులో సగం ఇసుక, పైన నీళ్ళు, చిటికెడు ఉప్పు వేసి బాగా కుదిపి మూడు గంటలు కదపకుండా పెట్టండి. ఇసుక అడుగున దిగి దాని మీద ఒండ్రు పొర పేరుకుంటుంది. ఆ పొర ఇసుకలో నూటికి 8 వంతులు దాటితే జల్లించి కడిగి వాడాలి, లేదా వెనక్కి పంపాలి. ఇంకో సంగతి, చెమ్మగా ఉన్న ఇసుక ఉబ్బి ఉంటుంది. పొడి ఇసుకతో పోలిస్తే కొలతలో నూటికి పాతిక వంతుల దాకా ఎక్కువ కనిపిస్తుంది. యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు. తడి ఇసుక యూనిట్ కొంటే గాలికి కూడా డబ్బు ఇచ్చినట్టు. లారీ బాడీ పొడవు, వెడల్పు, ఇసుక ఎత్తు మీరే టేపు పెట్టి కొలవండి, ఎత్తు నాలుగు మూలలా చూడండి, మధ్యలో గోపురంగా పోసి ఉన్నది చూసి మురిసిపోవద్దు.

రోబో శాండ్, అంటే రాయిని మిషనులో నలగ్గొట్టి చేసే ఇసుక, కాంక్రీటుకు బాగుంటుంది. కానీ కంకర కొట్టేచోట మిగిలే రాతి పొడిని, క్రషర్ డస్టును, రోబో శాండని అమ్మేవాళ్ళున్నారు. గుప్పెడు తీసి నీళ్ళ బకెట్లో వేస్తే తెలిసిపోతుంది, డస్టయితే నీళ్ళు మజ్జిగలాగా తెల్లబడి ఎంతసేపటికీ తేరవు. పూతకు మాత్రం సన్నంగా జల్లించిన నది ఇసుకే.

బేస్‌మెంటు

2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింది కట్టే కొట్టుకుపోయింది. మన దగ్గర బేస్‌మెంటు ఎత్తు గురించి ఇంతకంటే చెప్పక్కర్లేదు. రోడ్డు ఏటికేడూ ఎత్తు పెరుగుతుంటుంది, దాన్ని కూడా లెక్కలో పెట్టుకుని రోడ్డు మీద నుంచి కనీసం రెండున్నర అడుగులు లేపండి. నింపడానికి గ్రావెల్ చాలు, ఖరీదైన ఇసుక అక్కర్లేదు. పొలంలో తీసిన నల్లమట్టి మాత్రం ఊరికే ఇస్తామన్నా వద్దు. అది ఎండకు ముడుచుకుని, వానకు ఉబ్బి, నేల బండల్ని ఎత్తిపడేస్తుంది. మీ స్థలమే నల్లరేగడి అయితే పునాది లోతు, బేస్‌మెంటు మీద చుట్టూ పోసే ప్లింత్ బీము సంగతి ఇంజనీరును అడిగి చేయండి, అక్కడ నా సలహా చాలదు.

గోడ: ఇటుకా, బూడిద ఇటుకా, బ్లాకా

మన పక్కనే నేలటూరులో దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం ఉంది. బొగ్గు కాలితే బూడిద, బూడిదతో ఇటుక. ఫ్లై యాష్ ఇటుక నెల్లూరు చుట్టుపక్కల సులువుగా దొరుకుతుంది, బాడుగ తక్కువ. ఎర్ర ఇటుక బట్టీ దూరమైనకొద్దీ బాడుగ ఇటుక ధరను మింగేస్తుంది. కాబట్టి కొట్టువాడు చెప్పే ధర కాకుండా మీ స్థలంలో దింపేసరికి ఎంత అని అడగండి. దించే కూలి ఎవరిదో కూడా అప్పుడే తేల్చుకోండి.

ధర పోల్చడానికి ఒక లెక్క. 9-4-3 అంగుళాల ఇటుకతో 100 చదరపు అడుగుల సింగిల్ ఇటుక గోడ (నాలుగంగుళాల మందం) కట్టాలంటే సుమారు 450 ఇటుకలు. తొమ్మిదంగుళాల గోడకు 900. 16-8 అంగుళాల సిమెంటు బ్లాకయితే అదే 100 అడుగులకు 105 చాలు. అంటే ఒక నాలుగంగుళాల బ్లాకు నాలుగు ఇటుకలకు పైనే సమానం, ఒక ఆరంగుళాల బ్లాకు తొమ్మిదంగుళాల గోడలోని ఎనిమిది ఇటుకల పని చేస్తుంది. మోర్టారు అతుకులు తక్కువ కాబట్టి సిమెంటూ మిగులు, బేల్దారి కూలీ మిగులు.

ఇంకో మిగులు జనానికి తట్టదు. తొమ్మిదంగుళాల గోడ బదులు ఆరంగుళాలు కడితే 100 అడుగుల పొడవు గోడకు 25 చదరపు అడుగుల జాగా లోపలికి వస్తుంది. నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు. అంకణంలో మూడో వంతుకు పైనే ఉత్తపుణ్యాన వచ్చినట్టు. అంకణం ఎంత పలుకుతోందో మీకే తెలుసు. చిన్న పోర్షన్లో ఆ జాగా ఒక బీరువా పట్టేంత.

మరి అన్నీ బ్లాకులే కట్టెయ్యొచ్చా? నేను బయటి గోడలకు ఆరంగుళాల బ్లాకు, లోపలి అడ్డగోడలకు ఫ్లై యాష్ ఇటుక వాడాను. ఒక పోర్షనుకూ ఇంకో పోర్షనుకూ మధ్య గోడ మాత్రం ఆరంగుళాలకు తగ్గించలేదు. పలచటి గోడైతే పక్కింటి టీవీ, మొగుడూపెళ్ళాల పోట్లాట అన్నీ వినపడతాయి. ఆ సంగతి మీద ఖాళీ చేసిపోయే కాపరాలే ఎక్కువ. పిల్లర్లు లేకుండా గోడ మీదే స్లాబు వేసేట్టయితే గోడ మందం ఇంజనీరు చెప్పాలి, తలుపులు, కిటికీల మీద వేసే కాంక్రీటు లింటెలు ముక్కలుగా కాకుండా ఇల్లంతా చుట్టూ బెల్టులా తిరగాలి.

ఫ్లై యాష్ ఇటుకలో మోసం వయసులో ఉంటుంది. ఒత్తి తీసిన ఇటుకను మూడు నాలుగు వారాలు తడిపి ఆరబెట్టాలి. గిరాకీ ఎక్కువైనప్పుడు వారానికే లారీ ఎక్కిస్తారు. రంగు ముదురుగా, పట్టుకుంటే చల్లగా చెమ్మగా ఉంటే అది పచ్చిది. రెండిటిని కొడితే ఖంగుమనాలి, మూల గోరుతో గీకితే రాలకూడదు, గట్టి నేల మీద మూడడుగుల ఎత్తు నుంచి వదిలితే రెండు ముక్కలు కాకూడదు. తూకం పరీక్ష కూడా ఇంట్లోనే చేయొచ్చు. ఎండిన ఇటుకను తూచి, ఒక పగలూ రాత్రీ నీళ్ళలో ముంచి, తుడిచి మళ్ళీ తూచండి. బరువు నూటికి 20 వంతులకు మించి పెరగకూడదు. మూడు కిలోల ఇటుక 600 గ్రాములకంటే ఎక్కువ తాగితే వద్దని చెప్పేయండి. ఎర్ర ఇటుకకూ ఇదే కొలత. శాంపిలు వాళ్ళు ఎంచి ఇచ్చినది తీసుకోవద్దు, దొంతి మధ్యలోంచి మీరే లాగండి.

మోర్టారు 1:6, అంటే ఒక పాలు సిమెంటుకు ఆరు పాళ్ళ ఇసుక, చాలు. కొందరు మేస్త్రులు సిమెంటు ఎక్కువ వేస్తే బలమని 1:4 కలుపుతారు. ఫ్లై యాష్ గోడకు అది బీటలు తెస్తుంది.

ఇటుకల్ని నిలువుగా పేర్చి మధ్యలో గుల్ల వదిలే రాట్ ట్రాప్ పద్ధతి గురించి మీరు వినే ఉంటారు. కేరళలో లారీ బేకర్ ఆ పద్ధతిలో చాలా ఇళ్ళు కట్టించి చూపించాడు, ఇటుకలు నూటికి పాతిక దాకా మిగులుతాయి, గుల్ల వల్ల ఇల్లు చల్లగా ఉంటుంది. పద్ధతి మంచిదే. కానీ దానికి చెయ్యి తిరిగిన మేస్త్రి కావాలి, కూలికి వచ్చేవాళ్ళకు అలవాటు లేదు. పైగా అద్దెకొచ్చిన ప్రతివాళ్ళూ గోడకు మేకులు కొడతారు. సొంతానికి కట్టుకునేట్టయితే ఆలోచించండి.

ఇనుము

ఇక్కడ నేను కొట్టు మనిషిగా మాట్లాడతాను. ఇనుము రెండు రకాలుగా అమ్ముతారు, లెక్క బరువు మీద, కాటా బరువు మీద. లెక్క బరువంటే రాడ్డు సైజును బట్టి పుస్తకంలో ఉన్న బరువు కట్టి బిల్లు వేయడం. రాడ్డు నిజంగా అంత లావుంటే నష్టం లేదు. తుక్కు కరిగించి చుట్టే చిన్న మిల్లుల సరుకు పేరుకు 12 ఎంఎం అయినా కొంచెం సన్నంగా వస్తుంది. మీరు 12కి డబ్బులిచ్చి 11 తీసుకుంటారు, స్లాబులో కూడా 11 బలమే ఉంటుంది.

పట్టుకోవడం సులువు. రాడ్డు ఎంఎం సంఖ్యను దానితోనే హెచ్చవేసి 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. 12 మీటర్ల పూర్తి రాడ్డు 8 ఎంఎం అయితే 4.74 కిలోలు, 10 ఎంఎం 7.4, 12 ఎంఎం 10.66 తూగాలి. కొంచెం అటూ ఇటూ ప్రమాణమే ఒప్పుకుంటుంది. కానీ 8 ఎంఎం రాడ్డు 4.3కు, 12 ఎంఎం రాడ్డు 10 కిలోలకు దిగితే బండి వెనక్కి తిప్పించండి. కొట్లో నిలబడి "అన్నా, ఒక్క రాడ్డు తూచు" అనండి చాలు, ఆ తర్వాత మీకు వచ్చే సరుకు మారిపోతుంది. రాడ్డు మీద కంపెనీ పేరు, గ్రేడు ఉబ్బెత్తు అక్షరాల్లో ఉండాలి. ఎఫ్‌ఈ 500డి అడగండి, అది సాగే గుణం ఉన్న ఇనుము.

పైన గోధుమరంగు పొడి ఉంటే భయం లేదు, పొరలుగా లేస్తుంటే వద్దు. రాడ్డుకూ కాంక్రీటు అంచుకూ మధ్య ఉండే మందం మన ఉప్పు గాలికి ముఖ్యం. స్లాబు కింద 20 ఎంఎం బిళ్ళలు పెట్టడం లోపలి ఊళ్ళలో సరిపోతుంది, మన వైపు 30 ఎంఎం పెట్టించండి. సిమెంటు బిళ్ళలే వాడాలి. కంకర రాళ్ళు, చెక్క ముక్కలు పెడుతుంటే ఆపండి. ఈ బిళ్ళల ఖరీదు మొత్తం ఇంటికి కలిపినా ఒక తలుపు రెక్క ఖరీదు కాదు.

సిమెంటు గురించి కొంచెమే. 53 గ్రేడే కావాలని పట్టుబట్టొద్దు. పోర్షన్లకు బూడిద కలిసిన పీపీసీ సిమెంటు చాలు. తీరానికి దగ్గరైతే స్లాగు (ఇనుప కొలిమిలో మిగిలే చిట్టెం) కలిసిన పీఎస్‌సీ ఉప్పును ఇంకా బాగా తట్టుకుంటుంది. రెండూ నెమ్మదిగా గట్టిపడతాయి, అందుకని 10 రోజులకు తగ్గకుండా తడపాలి, స్లాబు కింద మోసే పలకలు, కర్రలు, అదే సెంట్రింగు, 14 రోజులు ఉంచాలి. బస్తా మీద తయారైన వారం అచ్చువేసి ఉంటుంది. మూడు నెలలు నిలవున్న సిమెంటు బలంలో అయిదో వంతు పోగొట్టుకుంటుంది.

కప్పు

అన్నిటికంటే ఎక్కువ వాదన ఇక్కడే. "రేకులేసేద్దాం, సగానికి సగం మిగులుద్ది" అని మా ఆయన కూడా అన్నాడు. రేకుల ఇల్లు మొదట్లో చవకే, కాదనను. మే నెలలో నెల్లూరు ఎండకు రేకు కింద పగలు పడుకోలేరు. నైట్ షిఫ్టు చేసి వచ్చి పగలు పడుకోవాల్సిన మనిషికి ఆ ఇల్లు ఇచ్చి లాభం లేదు. ఏప్రిల్లో ఖాళీ అయిన రేకుల పోర్షన్లు వానలు పడేదాకా ఖాళీగా ఉండడం మా వీధిలోనే చూస్తుంటాను.

గాలి సంగతి చూడండి. మన కోస్తా పట్టీకి ఐఎస్ 875 ప్రమాణం పెట్టిన గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, గంటకు 180 కిలోమీటర్లు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను మన తీరం వెంబడే పోయి బాపట్ల దగ్గర ఒడ్డెక్కింది. గాలి చూరు కింద దూరి రేకును పైకి ఎత్తుతుంది, మీద నాలుగు రాళ్ళు పెడితే ఆగదు. సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది, దాని పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే క్యాన్సరు తెస్తుంది, అరవైకి పైగా దేశాలు నిషేధించాయి. మన దగ్గర ఇంకా అమ్ముతున్నారు. పాత రేకులున్న ఇల్లయితే వాటిని రంపంతో కొయ్యడం, పగలగొట్టడం చేయొద్దు, తీయాల్సి వస్తే తడిపి ముక్క కాకుండా దించండి.

డబ్బు నిజంగా చాలకపోతే రెండు పోర్షన్లకు స్లాబు వేసి ఆపండి, నాలుగింటికి రేకులు వేయొద్దు. ముందు రెండింటి అద్దెతో తర్వాతి రెండు లేస్తాయి. రేకు తప్పనిసరైతే అది వరండాకు, బట్టలుతికే చోటుకు. అక్కడ కూడా ఉప్పు గాలికి జింకు, అల్యూమినియం కలిసిన పూత ఉన్న కలర్ రేకు తీసుకోండి, స్క్రూలకు రబ్బరు వాషర్లు వేయించండి.

స్లాబు ఇల్లు కూడా పై అంతస్తు లేకపోతే ఉడికిస్తుంది. దానికి చవక మందు సున్నం. పిడుగురాళ్ళ సున్నం నానబెట్టి, తెల్ల సిమెంటు, కొంచెం ఫెవికాల్ కలిపి ఉగాదికి ముందు మిద్దె మీద రెండు పూతలు కొట్టిస్తే లోపల తేడా ఒంటికే తెలుస్తుంది. ఏటా కొట్టాలి. బ్రష్షు పనే కాబట్టి నాకు అభ్యంతరం లేదు.

గుమ్మాలు, గట్లు, బండలు

రాయి విషయంలో మన అదృష్టం ఇంకెవరికీ లేదు. పైన ఒంగోలు పక్క చీమకుర్తిలో గ్రానైటు, పడమర ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు కడప నాపరాళ్ళు. చీమకుర్తి గెలాక్సీ రాయి ఓడలెక్కి విదేశాలకు పోతుంది. పెద్ద పలకలు కోయగా మిగిలిన ముక్కలు ఇక్కడ అడ్డంగా దొరుకుతాయి. కిటికీ గడపకు, మెట్లకు, బాత్‌రూము గుమ్మాలకు ఆ ముక్కలు చాలు. రంగు కలవకపోతే అడిగేవాళ్ళు లేరు.

బాత్‌రూముకు చెక్క గుమ్మం అస్సలు వద్దు. అడుగున నాని చెదలు పడుతుంది. ఇనప యాంగిల్ వేస్తే ఉప్పు గాలికి అడుగు నుంచి తినుకుంటూ వస్తుంది. గ్రానైటు గుమ్మం ఒకసారి నిలబెడితే ఇక దాని మొహం చూడక్కర్లేదు. బందులకు రంధ్రాలు మాత్రం రాయి కోసేచోటే వేయించుకోండి, గోడలో నిలబెట్టాక డ్రిల్లు పెడితే చిట్లుతుంది. దానికి పీవీసీ తలుపు తగిలిస్తే నానే బాధ లేదు, విరిగితే రెక్క ఒక్కటే మారుస్తాం. వీధి గుమ్మం వరకు వేప చెక్క పెట్టించాను. పసుపు రాసి బొట్లు పెట్టుకునే గుమ్మం రాయి అయితే ఆడవాళ్ళు ఒప్పుకోవడం లేదు, నేనూ ఒప్పుకోను.

వంట గట్టుకు, అలమర అరలకు, అటకకు కడప బండ. చెక్క పని, పీవీసీ కప్‌బోర్డులు అద్దె ఇంటికి దండగ, బొద్దింకలకు కాపరం పెట్టినట్టు. కానీ కడప బండ సున్నపురాయి జాతి. నిమ్మరసం, చింతపండు పులుసు పడితే మచ్చ పడుతుంది, యాసిడ్ పోస్తే పొంగుతుంది. అందుకని బాత్‌రూములో, లెట్రిన్లో అది వాడొద్దు, అక్కడ గరుకు టైల్సు వేయండి. స్టవ్వు పెట్టే రెండడుగుల మేర మాత్రం గ్రానైటు ముక్క దించితే గట్టు ఎప్పటికీ కొత్తగానే ఉంటుంది. గదుల నేలకు పాలిష్ నాపరాయి, చవక విట్రిఫైడ్ టైలు రెండూ బాగుంటాయి. టైలు ఎంచుకుంటే నాలుగు పోర్షన్లకూ ఒకటే రకం తీసుకుని ఒక పెట్టె ఎక్కువ కొని అటక మీద పెట్టండి. ఆ డిజైను మళ్ళీ దొరకదు.

కిటికీలకు దోమల జాలీ కట్టేటప్పుడే పెట్టించండి. నెల్లూరు దోమల గురించి ఊరి పరువు తీయడం ఎందుకులే గానీ, ఇల్లు చూడ్డానికి వచ్చిన ఆడవాళ్ళు వంటగది తర్వాత చూసేది అదే.

పైపులు, కరెంటు

నీళ్ళ పైపుల్ని గోడలో పాతిపెట్టొద్దు. బాత్‌రూము వెనక బయటి గోడ మీద క్లాంపులతో పరిగెత్తించి, కుళాయి ఉన్నచోట మాత్రం లోపలికి తిప్పండి. చూడ్డానికి అందం తక్కువ. పగిలితే మాత్రం టైలు పగలకుండా పావుగంటలో పని అవుతుంది, సుత్తి పని స్క్రూడ్రైవరు పనిగా మారిపోతుంది. ఎండ తగిలే పైపుకు రంగు వేయించండి, లేకపోతే పెళుసెక్కుతుంది. ఉప్పు నీళ్ళకు మెరిసే కుళాయిలు మచ్చలు పడి బిగుసుకుంటాయి. తెల్ల ప్లాస్టిక్ పీటీఎంటీ కుళాయిలే నయం.

వైరు విషయంలో బేరమే లేదు. మంచి కంపెనీ రాగి వైరు, లైట్లకు 1.5, ప్లగ్గులకు 2.5, ఏసీ పాయింటుకు 4 చదరపు ఎంఎం. ప్రతి పోర్షనుకూ 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు), ఎర్తింగు. అద్దెకుండేవాళ్ళు తడి నేల మీద నిలబడి బకెట్లో హీటరు రాడ్డు పెడతారు, మనం వద్దన్నా పెడతారు. మీటర్లు మొదటిరోజు నుంచే వేరువేరుగా తీసుకోండి, కరెంటు బిల్లు పంచుకునే తగవులో దూరొద్దు.

రంగు, పాత సామాను

లోపలి గోడలకు లప్పం పెట్టించలేదు. చెమ్మ తగిలితే ముందు ఊడేది అదే. ప్రైమరు మీద చవక డిస్టెంపరు, అన్ని పోర్షన్లకూ ఒకటే రంగు, ఒకటే నంబరు. ఒకరు ఖాళీ చేసి ఇంకొకరు దిగేలోపు మురికి పట్టిన గోడ ఒక్కటే కొట్టినా అతుకు కనపడదు.

నెల్లూరు పాతూరి వైపు పాత మిద్దెలు పడగొట్టినప్పుడు టేకు కిటికీలు, తలుపులు దొరుకుతాయి. చెదలు లేవని మొనతో పొడిచి చూసుకుని కళ్ళు మూసుకుని కొనండి. పాత ఇటుకలు బేస్‌మెంటు లోపలి పనికి, మెట్లకు పనికొస్తాయి. పాత రాడ్లు మాత్రం వంపులు తీసి నిటారు చేసి ఇస్తామన్నా వద్దు.

ఎప్పుడు కొనాలనేది కూడా ధరలో భాగమే. ఇటుక బట్టీలు ఎండల్లో నడిచి వానల్లో ఆగుతాయి, కాబట్టి ఎర్ర ఇటుక వేసవిలో కొని పేర్పించి పెట్టుకోవాలి. సంక్రాంతి పోగానే పునాది తీస్తే ఎండలు ముదిరేలోపు గోడలు లేస్తాయి, అక్టోబరు వానలు దిగేలోపు స్లాబు, బయటి పూత అయిపోవాలి. సిమెంటు మాత్రం ఏ వారానికి కావాల్సింది ఆ వారమే తెప్పించండి. డిస్కౌంటిస్తామని వంద బస్తాలు ముందే దింపుతామంటారు. వాన కాలంలో ఆ బస్తాలు చెక్కల మీద పేర్చి, గోడకు అడుగు దూరంలో, పైన పట్టా కప్పి ఉంచగలిగే జాగా మీకుంటేనే ఒప్పుకోండి.